అడగకుండా అంటగట్టిన యుద్ధం

*తగాదా వద్దనుకున్న జనాన్ని పరాయి యుద్ధం అంచెలంచెలుగా లాక్కుపోయిన బెజవాడ గాథ*

1939 సెప్టెంబరు 4, సోమవారం. బెజవాడ గవర్నర్‌పేట.

మద్రాసు బండిలో వచ్చిన పత్రికను చంకన పెట్టుకుని ఓ కాలేజీ కుర్రాడు బియ్యం కొట్టు మెట్లెక్కాడు. లోపల గోనె సంచుల వాసన, గాలి నిండా తవుడు దుమ్ము. గల్లాపెట్టె దగ్గర పద్దు రాసుకుంటున్న శెట్టిగారు తలెత్తలేదు.

"బాబాయ్, యుద్ధం వచ్చింది."

"ఎవరికి?"

"ఇంగ్లండుకీ జర్మనీకీ. మనక్కూడానట."

అప్పుడు తలెత్తారు శెట్టిగారు. "మనకా? జర్మనీవాడితో మనకేం తగాదా?"

"వైస్రాయి ప్రకటించాడు."

"ఎవర్ని అడిగి?"

"ఎవర్నీ అడగలా."

శెట్టిగారు కళ్లజోడు తీసి పద్దు పుస్తకం మీద పెట్టారు. ఎవరికైనా నాలుగు బస్తాలు అరువివ్వాలంటే ఇంట్లో పెద్దవాణ్ణి ఓ మాట అడిగి గాని ఇవ్వని మనిషి ఆయన. "అడక్కుండా యుద్ధమేంట్రా?" అన్నారు.

ఈ శెట్టిగారూ ఈ కుర్రాడూ ఆనాటి బెజవాడ వర్తకులనూ విద్యార్థులనూ మనసులో పెట్టుకుని అల్లిన పాత్రలు. వాళ్ల మాటలు కల్పన. వాళ్ల చుట్టూ జరిగింది మాత్రం చరిత్ర.

మొదటి అంచె: ఒక్క ప్రకటన

అంతకు ముందురోజు ఆదివారం. లండన్‌లో ప్రధాని ఛాంబర్లేన్ జర్మనీ మీద యుద్ధం ప్రకటించాడు. అదే రోజు సిమ్లా నుంచి వైస్రాయి లిన్లిత్‌గో భారతదేశం కూడా యుద్ధంలో ఉన్నట్టేనని చాటాడు. అప్పటికి ఢిల్లీలో కేంద్ర శాసనసభ ఉంది. పదకొండు రాష్ట్రాల్లో ఎనిమిదింటిని కాంగ్రెసు మంత్రివర్గాలు ఏలుతున్నాయి. మద్రాసులో రాజాజీ రాష్ట్ర ప్రధానమంత్రి, టంగుటూరి ప్రకాశం రెవెన్యూ మంత్రి. వీళ్లలో ఏ ఒక్కరినీ వైస్రాయి సంప్రదించలేదు.

అదే కిరీటం కింద ఉన్న మిగతా దేశాల సంగతి చూడండి. దక్షిణాఫ్రికాలో ప్రధాని హెర్జోగ్ తటస్థంగా ఉందామన్నాడు. పార్లమెంటులో ఓటింగు పెట్టారు. 67కి 80 ఓట్లతో యుద్ధం వైపు మొగ్గడంతో హెర్జోగ్ గద్దె దిగాడు. కెనడా తన పార్లమెంటును సమావేశపరిచి, బ్రిటన్ ప్రకటించిన వారానికి, సెప్టెంబరు 10న యుద్ధంలోకి దిగింది. ఐర్లండ్ దిగనే లేదు. చివరిదాకా తటస్థంగానే నిలిచింది. నలభై కోట్ల మంది ఉన్న ఇండియాకు ఒక్క ఓటు కూడా లేకపోయింది.

నిజానికి ప్రకటన కంటే ముందే సైన్యం కదిలింది. ఆగస్టులోనే భారత దళాలను ఈజిప్టుకూ సింగపూరుకూ తరలించారు. కాంగ్రెసు కార్యవర్గం అప్పుడే అభ్యంతరం చెప్పి, కేంద్ర శాసనసభలోని తన సభ్యులను తర్వాతి సమావేశాలకు వెళ్లొద్దంది. ఆ అభ్యంతరాన్ని సర్కారు చెవిన పెట్టలేదు.

సెప్టెంబరు 14న కార్యవర్గం ఒక సుదీర్ఘమైన తీర్మానం చేసింది. ఆ కార్యవర్గంలో మన కృష్ణా జిల్లా మనిషి ఉన్నారు. బందరులో వైద్యం చేసి, అక్కడే 1923లో ఆంధ్రా బ్యాంకు స్థాపించిన భోగరాజు పట్టాభి సీతారామయ్య. నాజీ దురాక్రమణను తీర్మానం నిర్మొహమాటంగా ఖండించింది. దాంతోపాటు ఓ ప్రశ్న వేసింది: ఈ పోరాటం ప్రజాస్వామ్యం కోసమే అయితే, ఆ ప్రజాస్వామ్యం ఇండియాకు వర్తిస్తుందా లేదా? యుద్ధ లక్ష్యాలేమిటో చెప్పమంది.

అక్టోబరు 17న వైస్రాయి జవాబిచ్చాడు. యుద్ధం ముగిశాక అధినివేశ ప్రతిపత్తి గురించి మాట్లాడుకుందాం, ఈలోగా ఓ సలహా సంఘం వేస్తాం. సారాంశం అంతే. అక్టోబరు చివరికి రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేసింది. మిగతా కాంగ్రెసు మంత్రివర్గాలూ అదే దారి పట్టాయి. మద్రాసు రాష్ట్రం నేరుగా గవర్నరు పాలనలోకి వెళ్లింది.

ఆత్మగౌరవం ఉన్నవాళ్లు చేయవలసిన పనే అది. కానీ దాని పర్యవసానమూ చెప్పుకోవాలి. కాదని అనగలిగే కుర్చీ ఆ రోజుతో ఖాళీ అయింది. తర్వాత వచ్చిన ప్రతి ఉత్తర్వుకూ గవర్నరు సంతకం చాలింది.

రెండో అంచె: గల్లాపెట్టె

1940. ఫ్రాన్సు పడిపోయింది. ఐరోపా యుద్ధం గవర్నర్‌పేటలో మొట్టమొదట జేబుకు తగిలింది.

వెండి కొరత వచ్చింది. జనం వెండి రూపాయలు దాచుకోవడం మొదలుపెట్టారు. సర్కారు రూపాయి నాణెంలో వెండిని సగానికి తగ్గించింది, రూపాయి కాగితం నోటు తెచ్చింది. రూపాయిని బండ మీద మోగించి అసలుదో నకిలీదో తేల్చుకునే వర్తకులకు చప్పుడు చేయని రూపాయి అది. మరో మూడేళ్లకు కానీ నాణెం పరిస్థితి ఇంకా చిత్రం. లోహం పొదుపు చేయడానికి నడుమ పెద్ద చిల్లు పెట్టి, చుట్టూ సన్నని కంచు అంచు మాత్రం మిగిల్చి ముద్రించారు. 1943 నుంచి కొన్నేళ్లపాటు మన పల్లెల్లో చెల్లిన ఆ చిల్లు కానీలు ఈనాటికీ పాత పెట్టెల్లో దొరుకుతాయి.

జేబుకు చేరిన మరో చెయ్యి యుద్ధ నిధి. మద్రాసు గవర్నరు పేరిట విరాళాలు వసూలు చేశారు.

"ఎంత రాయమంటారు శెట్టిగారూ?" అన్నాడు రసీదు పుస్తకం తెరిచిన కచేరీ గుమాస్తా.

"స్వచ్ఛందం అన్నారు కదండీ?"

"స్వచ్ఛందమేనండీ. అయ్యగారు మీ పేరు ప్రత్యేకంగా అడిగారు."

శెట్టిగారు ఇంకేమీ అనలేదు. వంద రూపాయలు రాయించారు. గుమాస్తా మెట్లు దిగగానే కుర్రాడు మండిపడ్డాడు.

"ఎందుకిచ్చావ్ బాబాయ్? గాంధీగారు మనిషినీ ఇవ్వొద్దు, డబ్బూ ఇవ్వొద్దంటుంటే!"

"ఒరేయ్ అబ్బాయ్, రేపు సరుకు బండికెక్కించాలంటే గూడ్సు పెట్టె ఎవరిస్తారు? గాంధీగారిస్తారా?"

ఆ డబ్బు ఎక్కడికి పోయిందో ఈనాటికీ కనిపిస్తుంది. బ్రిటిష్ వైమానిక దళంలో 79, 234, 264 నంబరు స్క్వాడ్రన్లకు 'మద్రాస్ ప్రెసిడెన్సీ' అన్న పేరు చేర్చారు. మన గుంటూరు, బందరు, బెజవాడ కూడా ఆ ప్రెసిడెన్సీలోవే. యుద్ధం వద్దన్నవాళ్లు ఉన్న రాష్ట్రం పేరు ఇంగ్లండు ఆకాశంలో పోరాడే దళాలకు తగిలించారు.

1940 అక్టోబరు 17న వినోబా భావే పవనార్‌లో వ్యక్తి సత్యాగ్రహం మొదలుపెట్టారు. ఒక్కొక్కరే నిలబడి, ఈ యుద్ధానికి సాయపడటం తప్పు అని చెప్పి జైలుకు వెళ్లడమే కార్యక్రమం. ప్రకాశం పంతులుగారు వెళ్లారు. మన జిల్లాల నుంచి ఎందరో వెళ్లారు. దేశం మొత్తం మీద ఇరవై వేల మందికి పైగా జైళ్లు నింపారు. కానీ అదే సమయంలో రిక్రూటింగు ఆఫీసుల ముందూ బారులు తీరారు. తెలుగువాళ్లు, తమిళులు యుద్ధానికి పనికొచ్చే జాతులు కారని మొన్నమొన్నటిదాకా పక్కనపెట్టిన సర్కారు, మద్రాసు రెజిమెంటును మళ్లీ లేవదీసింది. ఇంట్లో పూట గడవని కుర్రాడికి నెల జీతం కనిపించింది. సిద్ధాంతం చూసి ఎవడూ చేరలేదు. ఆకలేసి చేరారు.

మూడో అంచె: కంచం

1941 డిసెంబరు 7న జపాను పెర్ల్ హార్బర్ మీద పడింది. యుద్ధం ఒక్కసారిగా తూర్పుకు తిరిగింది. డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు కురిశాయి.

రంగూన్ అంటే తెలుగువాళ్లకు పరాయి ఊరు కాదు. విశాఖ, గోదావరి, గంజాం జిల్లాల నుంచి తరతరాలుగా ఓడలెక్కి వెళ్లి, అక్కడి రేవులో మూటలు మోసి, ధాన్యం మిల్లుల్లో పనిచేసిన జనం మనవాళ్లే. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు, మార్చి 8న రంగూన్ జపాను చేతికి చిక్కాయి. బర్మా నుంచి దాదాపు ఐదు లక్షల మంది భారతీయులు తరలివచ్చారు. ఓడ దొరికినవాళ్లు సముద్రం మీద, దొరకనివాళ్లు అరకాన్, మణిపూర్ కొండదారుల్లో కాలినడకన. జ్వరానికీ ఆకలికీ దారిలోనే రాలిపోయినవాళ్లు వేలకు వేలు.

శెట్టిగారి కొట్టుకు రంగూన్ పతనం ఇంకో రకంగా తగిలింది. బర్మా నుంచి ఏటా పది లక్షల టన్నులకు మించి బియ్యం ఇండియాకు దిగుమతయ్యేది. కూలీనాలీ జనం తినేది ఆ చవక రంగూన్ బియ్యమే. అది ఆగిపోవడంతో మద్రాసు, మలబారు, తిరువాన్కూరు చూపులన్నీ కృష్ణా గోదావరి డెల్టాల మీద పడ్డాయి. బర్మా నుంచి వచ్చే కిరసనాయిలూ కరువైంది.

"అక్కుళ్ల బియ్యం ఏ ధరకిమ్మంటారు?" అని గుమాస్తా అడిగితే, "సాయంత్రం దాకా ఆగు" అన్నారు శెట్టిగారు. పొద్దున చెప్పిన ధర సాయంత్రానికి నిలవని రోజులవి.

కుర్రాడు ఊరుకోలేదు. "జనం అల్లాడుతుంటే మనం సరుకు పట్టి ఉంచుతున్నాం బాబాయ్. తప్పు కదూ?"

"నేను పట్టి ఉంచకపోతే ఇంకొకడు కొని పట్టి ఉంచుతాడు. యుద్ధం వద్దు వద్దన్నావుగా, చూడు, అదే మన కొట్లోకొచ్చి కూచుంది."

శెట్టిగారి జవాబు వినడానికి కఠినంగా ఉంటుంది, కానీ యుద్ధం పనిచేసే తీరు అందులోనే ఉంది. బెజవాడ ఆనకట్ట దగ్గర పడవ కాలువలోకి దిగడం చూసినవాళ్లకు ఈ సంగతి తేలిగ్గా తెలుస్తుంది. పడవ లాకులోకి వస్తుంది. వెనక తలుపు మూస్తారు. నీరు నెమ్మదిగా తగ్గుతుంది. కుదుపు లేదు, చప్పుడు లేదు. ముందు తలుపు తెరిచేసరికి పడవ కొన్ని అడుగులు కిందికి దిగి ఉంటుంది. తర్వాత ఇంకో లాకు. ఏ ఒక్క చోటా పెద్దగా దిగినట్టుండదు, కానీ ప్రతిసారీ వెనక తలుపు మూసుకునే ఉంటుంది. చందా ఇవ్వడం, జీతానికి చేరడం, సరుకు దాచడం అన్నీ అలాంటి లాకులే. యుద్ధాన్ని సమర్థించనివాడు కూడా ఒక్కోటీ దాటుకుంటూ యుద్ధంలో భాగమైపోయాడు.

నాలుగో అంచె: ఆకాశం

1942 ఏప్రిల్ 6, సోమవారం. అంతకు ముందురోజే జపాను విమానాలు కొలంబో మీద దాడి చేశాయి. బంగాళాఖాతంలో అడ్మిరల్ ఒజావా నౌకాదళం సరుకు ఓడలను ఒకటొకటిగా ముంచుతోంది. ఆ దళంలోని ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు కాకినాడ, విశాఖపట్నాల మీద బాంబులు వేశాయి.

ఆ బాంబులు చేసిన నష్టం ఐరోపా నగరాలతో పోలిస్తే తక్కువే. ప్రాణనష్టమూ స్వల్పమే. కానీ భయం మాత్రం తీరం పొడవునా పాకింది. విశాఖ, కాకినాడ జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్లకు పరుగులు తీశారు. ఆనాటి బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. దగ్గరికెళ్లి చూస్తే బరువైన ఇనుప ముద్ద. అది పడే చోట ఉన్నవాణ్ణి నీవు ఏ పక్షమని అడగదు.

మద్రాసులో పరిస్థితి ఇంకా ఘోరం. అత్యవసరం కానివాళ్లు నగరం వదిలి పొమ్మని సర్కారే చెప్పింది. ఆఫీసులను లోపలి జిల్లాలకు మార్చింది. బోనులు పగిలి బయటపడతాయన్న భయంతో జంతు ప్రదర్శనశాలలోని క్రూరమృగాలను కాల్చి చంపించింది. అడక్కుండా యుద్ధంలోకి దింపినవాడు, యుద్ధం గుమ్మానికి వచ్చేసరికి కాపాడలేనని చెప్పకనే చెప్పాడు.

ఈ భయం రాజకీయాన్నీ కుదిపింది. అప్పటికి ఢిల్లీలో బ్రిటిష్ మంత్రి క్రిప్స్ రాయబారం నడుస్తోంది. దేశరక్షణ అధికారం ఎవరి చేతిలో ఉండాలన్న దగ్గర అది చెడింది. ఏప్రిల్ 23న మద్రాసు కాంగ్రెసు శాసనసభ్యులు రాజాజీ పూనికతో ఓ తీర్మానం చేశారు. వేరు దేశం కావాలన్న ముస్లిం లీగు కోరికకు ఒప్పుకునైనా సరే జాతీయ ప్రభుత్వం ఏర్పరచి తీరాన్ని కాపాడుకోవాలన్నది దాని సారం. మద్రాసులో ప్రజా ప్రభుత్వాన్ని మళ్లీ నిలబెట్టాలన్నారు. అఖిల భారత కాంగ్రెసు దాన్ని తోసిపుచ్చింది. రాజాజీ కార్యవర్గం నుంచి తప్పుకున్నారు. 1939లో యుద్ధానికి నిరసనగా గద్దె దిగిన నాయకుడే రెండున్నరేళ్లకు అదే యుద్ధంలో దేశాన్ని కాచుకోవడానికి గద్దె కావాలన్నాడు. ఆయన్ను తప్పుపట్టేముందు తీరం మీద ఆనాడున్న భయాన్ని గుర్తుంచుకోవాలి.

ఐదో అంచె: ఇంట్లోనే రెండు పక్షాలు

బెజవాడ అప్పటికే ఆంధ్ర కమ్యూనిస్టులకు ఆయువుపట్టు. యుద్ధం మొదలైనప్పుడు ఇది సామ్రాజ్యవాదుల కొట్లాట, మనకు సంబంధం లేదని పుచ్చలపల్లి సుందరయ్య వంటి నాయకులు అజ్ఞాతంలో ఉండి పనిచేశారు. 1941 జూన్ 22న హిట్లర్ సోవియట్ మీద పడ్డాక వాళ్ల అంచనా మారింది. అది ప్రజాయుద్ధం అన్నారు. 1942 జులైలో సర్కారు పార్టీ మీద నిషేధం ఎత్తేసింది. బెజవాడ నుంచి ప్రజాశక్తి పత్రిక వెలువడింది.

సరిగ్గా అప్పుడే కాంగ్రెసు ఎదురు దారి పట్టింది. ఆగస్టు 8న బొంబాయిలో క్విట్ ఇండియా తీర్మానం. మర్నాడు తెల్లారేసరికి నాయకులంతా అరెస్టు. పట్టాభిని నెహ్రూ, పటేల్, ఆజాద్‌లతోపాటు అహ్మద్‌నగర్ కోటలో పెట్టారు. మూడేళ్ల దాకా ఆయన బయటి గాలి పీల్చలేదు.

"నువ్వూ మీ రష్యా! మీరు తెల్లవాడి పక్షం," అని కుర్రాడు స్నేహితుడి మీద విరుచుకుపడ్డాడు.

"ఫాసిస్టు గెలిస్తే నీ స్వరాజ్యం ఎక్కడుంటుంది?" అన్నాడు స్నేహితుడు.

మొన్నటిదాకా ఒకే కంచంలో తిన్నవాళ్లు ఒకర్నొకరు పలకరించుకోవడం మానేశారు. ఇద్దరికీ దేశభక్తి ఉంది. ఇద్దరూ యుద్ధాన్ని కోరుకోలేదు.

ఆగస్టు 12న తెనాలిలో జనం రైల్వే స్టేషన్ మీదికి వెళ్లి తగలబెట్టారు. పోలీసులు కాల్చారు. ఏడుగురు చనిపోయారు. తెనాలి నడిబొడ్డున రణరంగ చౌక్ వాళ్ల పేరు మీద వెలిసిందే. జనం స్టేషన్ మీదికే వెళ్లడం యాదృచ్ఛికం కాదు. మద్రాసు నుంచి కలకత్తా వెళ్లే రైలు దారి తెనాలి, బెజవాడల మీదుగానే పోతుంది. తూర్పు సరిహద్దుకు మనుషులూ మందుగుండూ వెళ్లే దారుల్లో అదొకటి. పొలాల మధ్యనుంచి పోయే మన పట్టాలు అప్పటికి యుద్ధరంగంలో భాగమైపోయాయి.

లెక్క తేలింది

యుద్ధం ముగిసేనాటికి రెండు లక్షలున్న భారత సైన్యం ఇరవై ఐదు లక్షలైంది. 87 వేల మందికి పైగా తిరిగిరాలేదు. బర్మా బియ్యం ఆగి, ధరలు పెరిగి, సర్కారు చేతకానితనం తోడై 1943లో బెంగాల్లో కరువు విరుచుకుపడింది. ముప్పై లక్షల మంది దాకా చనిపోయారని అంచనా. వాళ్లలో అత్యధికులు శత్రు సైనికుణ్ణి కంటితో చూడలేదు.

అమెరికా కథతో పోల్చి చూద్దాం. అదీ 1939లో తటస్థ దేశమే. అదీ మెట్టుమెట్టుగానే దిగింది. 1939 నవంబరులో నగదు ఇచ్చి ఎవరి ఓడలో వాళ్లు తీసుకెళ్లేలా ఆయుధాలు అమ్మడానికి ఒప్పుకుంది. 1940 సెప్టెంబరులో బ్రిటన్‌కు యాభై పాత యుద్ధనౌకలిచ్చి స్థావరాలు తీసుకుంది. 1941 మార్చిలో అరువు చట్టం చేసింది. చివరికి పెర్ల్ హార్బర్. కానీ ప్రతి మెట్టు మీదా పత్రికల్లో వాదం జరిగింది, పెద్ద మెట్ల మీద చట్టసభలో ఓటు పడింది. మనకు మొదటి మెట్టు మీదే నోరు నొక్కేశారు. ఆ తర్వాత మిగిలినవి జైలు, బతుకుతెరువు, భయం. ఓటు లేని దేశానికి తటస్థత ఉండదు. కోరిక మాత్రమే ఉంటుంది.

స్వతంత్ర భారతం ఏ కూటమిలోనూ చేరనని ఎందుకంత పట్టుబట్టిందో ఈ అనుభవం చెబుతుంది. కొరియా యుద్ధానికి మనం పంపింది పోరాడే దళాన్ని కాదు, సైనిక వైద్య దళాన్ని.

అయితే ఓటు వచ్చినంత మాత్రాన ఆ జారుడు దారి మాయం కాలేదు. 1987 జూన్‌లో శ్రీలంకలోని జాఫ్నా మీద మన విమానాలు జారవిడిచింది ఆహారపు మూటలు. జులై 29న శ్రీలంకతో ఒప్పందం. శాంతి కాపాడటానికని సైన్యం వెళ్లింది. అక్టోబరుకల్లా అదే సైన్యం అక్కడి తమిళ తిరుగుబాటు దళం ఎల్టీటీఈతో యుద్ధం చేస్తోంది. 1990 మార్చిలో తిరిగొచ్చేసరికి వెయ్యి మందికి పైగా జవాన్లు నేలకొరిగారు. అప్పుడూ ఏ ఒక్క అడుగూ పెద్దదిగా అనిపించలేదు.

1939లో మన నాయకుల మొదటి ఫిర్యాదు, చట్టసభను అడగలేదన్నది. మన రాజ్యాంగంలో యుద్ధమూ శాంతీ కేంద్ర జాబితాలో ఉన్నాయి. యుద్ధం కారణంగా అత్యవసర పరిస్థితి ప్రకటిస్తే నెలలోగా పార్లమెంటు ఆమోదం పొందాలని 352వ అధికరణం చెబుతుంది. కానీ యుద్ధంలోకి దిగేముందు పార్లమెంటు ఓటు తప్పనిసరి అనే అధికరణం లేదు. కాబట్టి ఆ ప్రశ్న అడిగే పని పౌరుడిదే. అదీ తుపాకులు మోగాక అడిగితే లాభం లేదు. మొదటి దళం ఓడెక్కినప్పుడు, మొదటి చందా రసీదు చేతికొచ్చినప్పుడు, మొదటి సాయం మూట విమానంలోంచి పడినప్పుడు అడగాలి. ఎవర్ని అడిగి?